మనీలాలో ఆతే ఇల్లు

2023 అక్టోబరు చివర్లో ఒక రాత్రి వంటిల్లు సర్దుకుని, పాలు తోడుపెట్టి పడుకోబోతుంటే ఫోను మోగింది. చూస్తే మా అమ్మాయి నంబరు. మనకి పదిన్నర అంటే మనీలాలో ఒంటిగంట. అర్ధరాత్రి దాటాక ఎందుకు చేస్తోందా అని గుండె గుభేల్మంది. తీస్తే అవతల పిల్ల గొంతు కాదు, ఎవరో పెద్దావిడ. నాకు అర్థం కావాలని ఒక్కొక్క ముక్కే విడదీసి ఇంగ్లీషులో చెప్పింది. డెంగీ జ్వరం. ఆసుపత్రిలో చేర్చాం. నేను పక్కనే ఉన్నాను. అన్నీ చెప్పి ఆఖర్న, "అన్నం తింది. కంగారు పడకు" అంది.

ఆ చివరి మాట దగ్గరే నేను గోడకి చేరబడి ఏడ్చేశాను. ఎవరో ఏమిటో తెలియని ఆడమనిషి, సముద్రాలు దాటి అవతల, మన పిల్ల అన్నం తిన్నదని మనకి చెప్పాలని ఎలా తోచింది!

మా అమ్మాయి అక్కడ మెడిసిన్ చదువుతోంది. ఈ సంగతి కొందరికి కొత్తేమో గానీ, మన తెలుగు పిల్లలు చాలామంది ఫిలిప్పీన్స్‌లో డాక్టరీ చదువుతున్నారు. ఇక్కడ సీటు రాక, ప్రైవేటులో కోటి రూపాయలు పెట్టలేక, పాఠాలు ఇంగ్లీషులోనే ఉంటాయని అక్కడికి పంపిస్తారు. మేమూ అంతే. తెనాలిలో ఉన్న కాస్త స్థలం అమ్మి పంపాం. మనీలా మహానగరంలోనే దక్షిణాన లాస్ పిన్యాస్ అని ఒక ఊరుంది. కాలేజీకి దగ్గరని ఆ ఊళ్ళో ఒకావిడ ఇంట్లో మేడమీద గది అద్దెకి తీసుకుని ఉంటోంది పిల్ల. ఆ రాత్రి ఫోను చేసింది ఆ ఇంటావిడే.

మావారికి సెలవు లేదు. ఎన్నడూ విమానం ఎక్కని నేను వీసా చేతికొచ్చేదాకా పదిహేను రోజులు పచ్చి మంచినీళ్ళు మింగలేకపోయాను. వీసా కాగితంలో వృత్తి అన్నచోట ఏం రాయాలని మావారు అడిగితే హౌస్‌వైఫ్ అన్నాను. సింగపూరు మీదుగా మనీలాలో దిగేసరికి నవంబరు సగం అయింది. అప్పటికి పిల్ల లేచి తిరుగుతోంది. అయినా పిల్ల కాస్త ఒళ్ళు చేసేదాకా అని జనవరి సగం వరకూ ఉన్నాను. ఆ రెండు నెలల్లో నేను చూసింది మనీలా నగరం అనేకంటే ఒక ఇల్లు అనడం న్యాయం. ఊరు చూడలేదని మావారు ఇప్పటికీ ఎద్దేవా చేస్తారు.

ఆవిడ్ని వీధి వీధంతా 'ఆతే' అంటారు. ఆతే అంటే తగలోగ్ భాషలో అక్క. మా అమ్మాయి 'తీతా' అంటుంది, అంటే పిన్నో అత్తో అన్నమాట. నాకంటే ఐదారేళ్ళు పెద్దది కాబట్టి నేనూ ఆతే అనేదాన్ని. మనం మర్యాదకి 'అండీ' అంటామే, అలా వాళ్ళు 'పో' అని తగిలిస్తారు. మొదటిసారి ఆ ఇంట్లో పిల్లలు నాకు ఎదురొచ్చి నా చెయ్యి తీసుకుని తమ నుదుటికి ఆనించుకున్నారు. మనం కాళ్ళకి దణ్ణం పెట్టినట్టు వాళ్ళకది పెద్దవాళ్ళ ఆశీర్వాదం. ఇంకో వింత వినండి. వాళ్ళ భాషలో ముఖాన్ని 'ముఖా' అనే అంటారు, పంతులుగారిని 'గురో' అంటారు, ముత్యాన్ని 'ముత్యా' అంటారు. 'దుఖా' అంటే మాత్రం దుఃఖం కాదట, బీదవాడు అట. రెండిటికీ పెద్ద తేడా ఏముందిలే అనుకున్నాను.

ఆసుపత్రి సంగతి మా అమ్మాయే చెప్పింది. రోగి పక్కన ఉండే మనిషిని అక్కడ 'బాంతాయ్' అంటారు, అంటే కాపలా అని. నాలుగు రాత్రులు ఆతే కుర్చీలో కూర్చునే కాపలా కాసిందట. రక్తంలో ప్లేట్‌లెట్లు ఎంత ఉన్నాయో పూటపూటకీ కాగితం మీద రాసుకునేదట. ఇంటికి తెచ్చాక 'తవా తవా' అని ఒక ఆకు కషాయం కాచి ఇచ్చిందట. ఆ మొక్క ఏమిటా అని పెరట్లో చూస్తే, అయ్యో రాత, మన గట్ల మీద మొలిచే రెడ్డివారి నానబాలు! అక్కడ డెంగీకి ఇంటింటా అదే కాస్తారు. చదువుకునేది డాక్టరీ కదా, మా అమ్మాయి మాత్రం "తీతా మాట కాదనలేక తాగానమ్మా, నన్ను నిలబెట్టింది సెలైనూ, వేళకి చేసిన రక్తపరీక్షలూ" అంటుంది. మీరూ కషాయాన్ని నమ్ముకుని డాక్టరు దగ్గరికి వెళ్ళడం ఆలస్యం చెయ్యకండి.

ఇంటి సంగతి చెప్తాను. ఇరుకు వీధిలో పొడుగ్గా, సన్నగా కట్టిన ఇల్లు. కింద సిమెంటు, పైన రేకులు. వీధివైపు కిటికీకి ఇనప ఊచలు పెట్టి దాన్నే కొట్టు చేశారు. 'సారీ సారీ స్టోర్' అంటారు దాన్ని. సారీ అంటే క్షమించమని కాదు, రకరకాలవి అని. షాంపూ, కాఫీ, సబ్బు పొడి అన్నీ ఒక్కరోజుకి సరిపడే చిన్న పొట్లాలు. నూనె చిన్న ప్లాస్టిక్ సంచుల్లో, వెల్లుల్లి రెబ్బల లెక్కన, సిగరెట్టు ఒక్కటొక్కటి. పూటకి పూట కొనుక్కునే బతుకులు. ఊచల పైన ఒక అట్ట వేలాడదీసింది. ఏమిటని అడిగితే "ఈరోజు అప్పు లేదు, రేపు రండి" అని చదివి చెప్పింది. నవ్వాగలేదు నాకు. మా వీధి చివర కొట్లో 'అప్పు రేపు' అని లేదూ! అక్కడా అంతే, అట్ట వేలాడుతూనే ఉంటుంది, ఆతే అప్పు పుస్తకంలో రాస్తూనే ఉంటుంది.

మొదటివారం నన్ను చూసి వీధి పిల్లలు తుర్రుమనేవారు. సంగతేమిటంటే, అక్కడ మనవాళ్ళందరినీ 'బుంబాయ్' అంటారు. మోటారు సైకిళ్ళ మీద తిరిగి వడ్డీలకిచ్చే పంజాబీలు అక్కడ ఎప్పట్నుంచో ఉన్నారట. ఐదిచ్చి ఆరు పుచ్చుకుంటారని ఆ వ్యాపారానికి 'ఐదు ఆరు' అనే పేరు. అన్నం తినకపోతే బుంబాయ్‌కి ఇచ్చేస్తానని తల్లులు పిల్లల్ని బెదిరిస్తారట. నాలుగు రోజులు జంతికలు పంచాక ఆ భయం పోయింది.

తెల్లవారుజామున నాలుగింటికే ఆతే లేస్తుంది. ముందు రాత్రి మిగిలిన అన్నాన్ని వెల్లుల్లి వేసి వేయించి పెడుతుంది. చద్దన్నాన్ని పారెయ్యకుండా ఎన్ని ఉపాయాలో లోకంలో! పక్కన గుడ్డు, కాకపోతే వేయించిన ఎండుచేప. ఆ ఎండుచేప వాసన మేడమీదికొచ్చి నిద్ర లేపేది నన్ను. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి మూడు పూటలా అన్నమే. కుడిచేతిలో చెంచా, ఎడంచేతిలో ఫోర్కు. నేను చేత్తో కలుపుకుంటుంటే పిల్లాడు చూసి తనూ చెంచా పడేశాడు. "వాళ్ళ ఊరి పండగల్లో మేమూ చేత్తోనే తింటాం" అంది ఆతే.

నాలుగున్నరకి వాళ్ళాయన జీప్నీ తీసుకుని వెళ్ళిపోతాడు. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక అమెరికా సైన్యం వదిలేసిన జీపుల్ని పొడుగు చేసి, రంగులు వేసి వాటిని బస్సులుగా చేసుకున్నారు అక్కడివాళ్ళు. ఈ లాస్ పిన్యాస్‌లోనే 1953 నుంచి వాటిని తయారుచేసిన పేరున్న కంపెనీ ఉంది. ఎదురెదురుగా రెండు బల్లలు, మధ్యలో మోకాళ్ళూ మోకాళ్ళూ తగులుతుంటాయి. డబ్బులు ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి డ్రైవరుకి చేరతాయి, చిల్లర అలాగే వెనక్కొస్తుంది. నేనున్నప్పుడు కనీస ఛార్జీ 13 పెసోలు, మనకి ఇరవై రూపాయల లెక్క. ఒక్క రూపాయి మధ్యలో పోయినట్టు నేను చూడలేదు.

నేను దిగిన వారానికే జీప్నీల సమ్మె. పాత బళ్ళు విడివిడిగా నడపకూడదు, డిసెంబరు 31 లోగా సంఘాల్లో చేరకపోతే రూటు పర్మిట్ పోతుందని ప్రభుత్వం అంది. కొత్త బండి కొనాలంటే 20 లక్షల పెసోలకు పైమాటే. రాత్రి భోజనాల దగ్గర ఆ మాట వస్తే ఆయన ఏమీ అనేవాడు కాదు, అన్నం మెతుకులు చెంచాతో లెక్కపెడుతున్నట్టు కూర్చునేవాడు. ఆ గడువు తర్వాత 2024 ఏప్రిల్ దాకా పెంచారు. ఆయన చివరికి సంఘంలో చేరాడు.

ఆ ఇంట్లో ఎవరెవరున్నారంటే, ఆతే కొడుకు ఒకడు. కాల్ సెంటర్‌లో రాత్రంతా ఉద్యోగం, పగలు నిద్ర. తర్వాత ఇరవై ఏళ్ళ ఆడపిల్ల, నర్సింగు చదువుతోంది. పదకొండేళ్ళ మగపిల్లాడు. వాళ్ళిద్దరూ ఆతే పిల్లలే అనుకున్నాను మొదట. పిల్లాడు ఆవిణ్ణి 'నానాయ్' అంటాడు, అమ్మా అని. మూడోరోజు భోజనాల బల్ల మీద వెనిగర్ సీసాకి ఫోను ఆనించి పెట్టారు. ఫోనులో ఒకావిడ. పిల్లాడు ఆవిడ్ని 'మామా' అన్నాడు. ఆవిడ ఆతే చెల్లెలు, వాళ్ళిద్దరి కన్నతల్లి. హాంకాంగ్‌లో ఒకరింట్లో పనికి ఉంటోంది 2014 నుంచి. వెళ్ళేనాటికి పిల్లాడికి రెండేళ్ళు.

చెల్లెలి మొగుడు వేరే కాపురం పెట్టాడట. ముస్లిములకి తప్ప ఆ దేశంలో విడాకుల చట్టం లేదు, కాబట్టి కాగితం మీద ఆవిడ ఇంకా ఆయన భార్యే. ఇద్దరు పిల్లలు, ఆదాయం లేదు. అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ విదేశాలకి దరఖాస్తు పెట్టుకున్నారు. ఆ టైములోనే వాళ్ళమ్మకి పక్షవాతం వచ్చింది. "ఒకళ్ళు ఉండాలి కదా" అంది ఆతే, ఇంకేం చెప్పలేదు.

1974 నుంచి ఆ దేశపు ప్రభుత్వమే మనుషుల్ని బయటి దేశాలకి ఉద్యోగాలకి పంపించడం ఒక విధానంగా పెట్టుకుంది. ఇప్పుడు సుమారు 20 లక్షల మంది అలా బయట ఉన్నారు. అందులో సగానికి పైగా ఆడవాళ్ళే. నర్సులు, ఆయాలు, ఇంటిపనివాళ్ళు. వాళ్ళని 'కొత్త వీరులు' అంటారు. విమానాశ్రయంలో వాళ్ళకి వేరే వరస ఉంటుంది. హాంకాంగ్‌లో అయితే రెండేళ్ళ ఒప్పందం, యజమాని ఇంట్లోనే ఉండాలి, వారానికొక రోజు సెలవు. అక్కడి ప్రభుత్వం పెట్టిన కనీస జీతం నేనున్నప్పుడు నెలకు 4,870 హాంకాంగ్ డాలర్లు ఉండేది, అప్పటి మన లెక్కలో యాభై వేలు పైమాట. ఆ డబ్బులోంచి నెలనెలా ఇంటికొచ్చేది ఎలా ఖర్చవుతుందో ఆతే దగ్గర ఇంకో పుస్తకం ఉంది, అప్పుల పుస్తకం కాదు. ఫీజు, బియ్యం, కరెంటు, పిల్లాడి బూట్లు, అన్నీ గళ్ళు గీసి రాస్తుంది. పేజీలు తిరగేసి చూశాను. అందులో ఆతే పేరున ఒక్క గడి లేదు.

మీరేం చేస్తారని ఎవరైనా అడిగితే "ప్లెయిన్ హౌస్‌వైఫ్" అంటుంది. ఆ దేశంలో అదొక మాట, కాగితాల మీద కూడా అలాగే రాసేస్తారు. ఉట్టి ఇల్లాలు! కొట్టు నడిపి, అద్దెకున్న పిల్లలకి వండి, చెల్లెలి పిల్లల్ని పెంచి, నా పిల్లకి నాలుగు రాత్రులు కాపలా కూర్చున్న మనిషి. ఆమాట విన్నప్పుడు నా వీసా కాగితం గుర్తొచ్చింది.

వంటలు చెప్పకుండా వదిలితే మీరు ఊరుకోరుగా. వాళ్ళది చింతపండు ఇల్లే అంటే నమ్మండి. 'సినిగాంగ్' అని పులుసు ఉంది. మసాలా లేదు, పోపు లేదు. ఉల్లిపాయ, టమాటా, ముల్లంగి నీళ్ళలో ఉడకనిచ్చి, పచ్చి చింతకాయ పిసికిన రసం పోసి, బెండకాయలు, బొబ్బర్లకాయలు, వంకాయ వేసి, అవి మెత్తబడ్డాక రొయ్యలు వేస్తారు. రొయ్య ఎర్రబడగానే దింపే ముందు తూటికూర, పొడుగు పచ్చిమిరపకాయ వేసి మూతపెట్టాలి. ఉప్పుకి బదులు చేపల ఊట. అది మీకు పడకపోతే ఉప్పే వెయ్యండి, రొయ్యలు మానేసి కూరముక్కలతో చేసినా బాగుంటుంది. నేను ఒకరోజు ఉండబట్టలేక దాని మీద ఎండుమిర్చి, ఇంగువ వేసి తిరగమోత పెట్టాను. ఆతే తుమ్ముకుంటూ కొట్టులోకి పారిపోయింది. ఆ ఇంగువ డబ్బా మూడు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి మేడమీద పెట్టుకోమంది.

శుక్రవారాలు చాలామంది మాంసం మానేసి పెసలు వండుకుంటారు, కాకరాకో మునగాకో వేసి. పెరట్లో మునగచెట్టు ఉంది. బాలింతలకి పాలు పడతాయని ఆకు పెడతారు, కోడికూరలో పచ్చి బొప్పాయితో కలిపి వేస్తారు. కాయలు మాత్రం ముట్టుకోరు ఆ ఇంట్లో! చెట్టునే ఎండి రాలిపోతుంటే నా ప్రాణం ఉసూరుమంది. నేను ములక్కాడల కూర చేసి, నమిలి పిప్పి ఎలా ఊసెయ్యాలో చూపిస్తే ఇల్లంతా నవ్వులే నవ్వులు.

ఉల్లి గురించి ఒక్కమాట. 2023 జనవరిలో అక్కడ కిలో ఉల్లిపాయలు 600 పెసోలు దాటాయి, అంటే తొమ్మిది వందల రూపాయలు! ఇలోయిలో అన్న ఊళ్ళో ఒక పెళ్ళికూతురు పూలగుత్తికి బదులు ఉల్లిపాయల గుత్తి పట్టుకుని పెళ్ళి చేసుకుందట. ఆ నెలంతా వెల్లుల్లితోనే నెట్టుకొచ్చానని చెప్పింది ఆతే.

చెల్లెలు ఆ డిసెంబరులో వస్తోందని కబురు. కరోనా వల్లా, ఆ తర్వాత సెలవు కుదరకా 2019 తర్వాత రానేలేదు. ఆవిడకంటే ముందు అట్టపెట్టె వచ్చింది. దాన్ని 'బాలిక్‌బయాన్ బాక్స్' అంటారు, ఇంటికి తిరిగొచ్చేవాళ్ళ పెట్టె అని. మన ఫ్రిజ్ అట్టపెట్టెలో సగం ఉంటుంది. నెలల తరబడి కాస్త కాస్త కొని నింపి ఓడలో పంపుతారు. తెరిస్తే సబ్బులు, టూత్‌పేస్టులు, తువ్వాళ్ళు, డబ్బా మాంసం, చాక్లెట్లు, పిల్లాడికి బూట్లు. ఆ బూట్లు రెండు సైజులు చిన్నవి. ఆతే వాటిని గబుక్కున గుడ్డ కింద దాచేసింది. "నెలల కిందట నంబరు చెప్పాను, ఈలోగా పెరిగిపోయాడు" అంది నాతో.

డిసెంబరు 16 నుంచి 24 దాకా తొమ్మిది తెల్లవారుజాములు చర్చికి వెళ్తారు వాళ్ళు. మనకి ధనుర్మాసం మొదలయ్యేదీ ఆ రోజుల్లోనే కదా. నేనూ ఒకరోజు ఆతే వెంట వెళ్ళాను. ఆ ఊరి చర్చిలో వెదురు గొట్టాలతో చేసిన పెద్ద ఆర్గన్ ఉంది. స్పెయిన్ నుంచి వచ్చిన ఒక ఫాదరీ 1824లో పూర్తి చేశాడట. వెయ్యికి పైగా గొట్టాల్లో తొమ్మిది వందల దాకా వెదురువే. బయట అరటాకు వేసి పైనా కిందా నిప్పులు పెట్టి బియ్యప్పిండి రొట్టె కాలుస్తున్నారు, 'బిబింగ్కా' అంటారు. చలిలో వేడివేడిగా అది తింటుంటే మా ఊరి గుళ్ళో చక్రపొంగలి గుర్తొచ్చింది. ఇళ్ళన్నిటికీ నక్షత్రాల దీపాలు. ఆతే తొమ్మిది రోజులూ వెళ్ళింది. తొమ్మిదీ వెళ్తే కోరుకున్నది జరుగుతుందని వాళ్ళ నమ్మకం. ఏం కోరుకున్నావని నేను అడగలేదు.

20వ తారీఖున చెల్లెలు వచ్చింది. సన్నగా, చలాకీగా, నవ్వుతూ పేలుతూ ఉండే మనిషి. పిల్లాడు ఆవిడకి చెయ్యి నుదుటికి ఆనించుకున్నాడు. ఒక పెద్ద ముత్తైదువకి పెట్టినట్టు పెట్టాడే గానీ మెడకి వేళ్ళాడలేదు. ఆవిడే లాగి కావలించుకుంది.

24 అర్ధరాత్రి భోజనాలు వాళ్ళకి పెద్దపండగ. పొడుగు సేమ్యాలు ఆయుష్షుకి, తియ్యటి స్పఘెట్టి పిల్లలకి. చెల్లెలు పళ్ళెంలో నాలుగు పెద్ద రొయ్యలు ఒలిచి ఒలిచి పిల్లాడికి వేసింది. తల్లి చేత్తో ఒలిచి పెడుతుంటే ఎంత ముచ్చటగా ఉందో అనుకుంటున్నాను. పిల్లాడు తినలేదు. ఆతే వంక చూశాడు. ఆతే తల దించుకుంది. వాడు ఒక రొయ్యని అన్నం కిందికి తోసేశాడు. మళ్ళీ చూశాడు. అప్పుడు ఆతే మెల్లగా ఏదో అంది. మా అమ్మాయి నా చెవిలో చెప్పింది. రొయ్యలు తింటే వాడికి ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయట, గొంతు వాస్తుందట.

చెల్లెలి చెయ్యి పళ్ళెం మీదే ఆగిపోయింది. ఒక క్షణం. తర్వాత "అయ్యో, నాకే ఎక్కువ" అని నవ్వుతూ ఆ రొయ్యలు తన పళ్ళెంలోకి తీసుకుంది. తిన్నట్టు చేసింది గానీ తినలేదు.

ఆతే ఐస్ తెస్తానని లోపలికెళ్ళింది. ఎంతకీ రాకపోతే నేను వెళ్ళాను. కడిగి బోర్లించిన గ్లాసునే మళ్ళీ మళ్ళీ కడుగుతోంది. నా చెయ్యి పట్టుకుని, వచ్చీరాని నా ఇంగ్లీషుకి సరిపోయేట్టు చిన్న చిన్న మాటల్లో, "ఒక్కోసారి నేను ఎవరి సొమ్మో దాచుకున్నట్టు ఉంటుంది" అంది. నాకు ఏం చెప్పాలో తోచలేదు. పక్కన నిలబడి తడిగుడ్డతో గ్లాసులు తుడిచాను.

చెల్లెల్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఒక మధ్యాహ్నం బట్టలు మడతపెడుతూ ఆవిడే ఫోను చూపించింది. హాంకాంగ్‌లో ఆవిడ పెంచే పిల్లాడి ఫొటోలు. మూడు నెలల గుడ్డుగా ఉన్నప్పట్నుంచి పెంచుతోంది. వాడికి ఏ వారం ఏ క్లాసు, వాడు ఏ కూర తీసి పక్కన పెడతాడు, నిద్రలో ఎటు తిరుగుతాడు అన్నీ చెప్పింది. చెప్తూ చెప్తూ ఆగిపోయి, "నా కొడుకు గురించి ఇన్ని చెప్పలేను, చూశావా" అంది. ఆ పిల్లాడి పనే ఈ పిల్లాడి ఫీజు మరి. ఎక్కడని తప్పు వెతకం?

జనవరి మొదట్లో ఆవిడ వెళ్ళిపోయింది. పిల్లాడు విమానాశ్రయం దాకా బ్యాగు మోశాడు. ఆతే వెళ్ళలేదు. కొట్టు కట్టేస్తే కుదరదంది. ఆ రోజు కొట్టుకి నలుగురు కూడా రాలేదు, నేను అక్కడే కూర్చున్నాగా. షాంపూ పొట్లాల దండలు విప్పి మళ్ళీ కట్టింది. సాయంత్రం పిల్లాడు వచ్చి ఏం మాట్లాడకుండా వచ్చి ఆవిడ పక్కన పీట మీద కూర్చున్నాడు. "కుమైన్ కా నా?" అంది. అన్నం తిన్నావా అని. వాడు లేదని తల ఊపాడు.

నేను వచ్చేసేటప్పుడు డబ్బు ఇవ్వబోతే ఆతే పుచ్చుకోలేదు. చీర పెట్టి బొట్టు పెట్టాను. ఆ చీర కిటికీకి తెరగా కుట్టించిందని తర్వాత తెలిసింది. పోనీలెండి, చీర కట్టేవాళ్ళు అక్కడెవరు!

2024 జూలై 24న తుపాను, దాంతోపాటు రుతుపవనం వానలు కలిసి మనీలా మునిగింది. టీవీలో చూస్తూ నేను ఇక్కడ కాలుగాలిన పిల్లిలా తిరిగాను. ఆ ఇంటి మెట్ల దగ్గర గోడ మీద ఒక గీత ఉండేది, 2009 సెప్టెంబరు వరదలో నీళ్ళు అంతవరకూ వచ్చాయని. మధ్యాహ్నానికి ఫోను వచ్చింది. ఈసారీ ఆతే గొంతే. నీళ్ళు వీధిలో మోకాలి లోతు ఉన్నాయి, గీత దాకా రాలేదు, బియ్యం మేడమీదికి ఎక్కించాం, అందరం పైనే ఉన్నాం. ఇంకేమీ అడగక్కర్లేకుండా ఆఖరి మాట కూడా అదే చెప్పేసింది: "మీ అమ్మాయి అన్నం తింది."

ఆ నర్సింగు పిల్ల చదువు పూర్తయింది. జర్మనీ వెళ్ళడానికి జర్మన్ నేర్చుకుంటోంది. భోజనాల బల్ల మీద పుస్తకం పెట్టుకుని పైకి చదువుతుంటే ఆతే కూరలు తరుగుతూ వింటుందట. తనకీ పది మాటలు వచ్చేశాయట. మొన్న ఫోనులో, ఆ పిల్ల వెళ్ళిపోతే ఇంకో గది ఖాళీ అవుతుంది, మీ తెలుగు పిల్లలెవరైనా ఉంటే చెప్పమంది. ఇంకా ఏవో కబుర్లు చెప్పి, మునగచెట్టు ఈసారి విరగకాసింది, మా అమ్మాయి పక్కనుండి చెప్తుంటే తనే కాయలు కోసి పులుసు పెట్టానంది. బాగా కుదిరిందట. ఇంగువ మాత్రం అయిపోయిందట, పంపమంది.

ఒక అట్టపెట్టె తెచ్చి హాల్లో మూల పెట్టాను. ఇంగువ డబ్బాలు నాలుగు, కందిపొడి, పిల్లాడికి బూట్లు. నంబరు అడిగితే ఆతే ఒక సైజు పెద్దదే కొనమంది. పెట్టెలో ఇంకా చోటుంది, జంతికలు రేపు చెయ్యాలి.